గాయం మానిన పిచర్‌ను ఎక్కడ దించాలి?

ఆటగాళ్ల ఆరోగ్యం – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి సరిహద్దు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే చిక్కు చుట్టూ తిరుగుతున్నాయి. నాందేడ్, చంద్రపూర్ వైపువాళ్లు బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ ఆడే పిల్లల గురించి రాశారు. వాళ్లు ఎక్కువగా పిచర్లే, అంటే బ్యాటర్‌కు బంతి విసిరేవాళ్లు. గజపతి జిల్లా నుంచి క్రికెట్ కుర్రాడి గురించి ఉత్తరం వచ్చింది. చెయ్యో నడుమో దెబ్బతిని మానాక ఆ పిల్లాణ్ని మళ్లీ ఆటలో ఎక్కడ నిలబెట్టాలన్నదే అందరి ప్రశ్న. మొదటి ఉత్తరానికి జవాబు కాస్త పొడుగైంది. మిగతా జవాబులకు అదే ఆధారం కాబట్టి ముందు దాన్ని చదవండి.

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీ బేస్‌బాల్ టీముల మెయిన్ పిచర్ ఒకడున్నడు, 20 ఏండ్లు. పోయినేడు మోచేయి లోపలి దిక్కు లిగమెంట్ కొంత చినిగిందని నిజామాబాద్‌ల ఎమ్మారై తీస్తే తెలిసింది. ఆపరేషన్ అక్కర్లేదన్నరు. ఆరు నెలలు కసరత్తులు చేసిండు. ఇప్పుడు విసురుతున్నడు, నొప్పి లేదంటున్నడు. వచ్చే నెల టోర్నమెంటుంది, నాలుగు రోజులు, రోజుకొక మ్యాచ్. వాని జాగల వచ్చిన చిన్నోడు మంచిగ వేస్తున్నడు. మావోళ్లంత "వాన్ని ఆఖరి ఇన్నింగ్స్‌కు దించు సారూ, పదిహేను బంతులే గదా, చేయి మీద భారం పడది" అంటున్నరు. వాడేమో "మొదటిసంది నేనే వేస్త" అంటున్నడు. ఏం జేయాలె?
– ఒక పీడీ సారు, ధర్మాబాద్

జవాబు: సారూ, మీవాళ్ల లెక్కలో ఒక పొరపాటుంది. వాళ్లు స్కోరు పుస్తకంలో పడే బంతులనే లెక్కపెడుతున్నారు. మోచేయి మాత్రం విసిరిన ప్రతి బంతినీ లెక్కపెట్టుకుంటుంది.

ఆఖరి ఇన్నింగ్స్ వేసే క్లోజర్ పరిస్థితి చూడండి. తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో ఎనిమిదో ఇన్నింగ్స్ దగ్గర ఆట బిగుసుకుంటే "లే, చెయ్యి వేడి చేసుకో" అంటారు. పక్కన నిలబడి 20 బంతులు వేస్తాడు. ఈలోగా మన బ్యాటింగ్ సాగి నాలుగు పరుగులొస్తాయి. "ఇక అక్కర్లేదు, కూర్చో" అంటారు. చెయ్యి చల్లారిపోతుంది. అంతలో అవతలివాళ్లు ఇద్దరు బేసుల మీదికి చేరి పరుగుకు సిద్ధమవుతారు. మళ్లీ లేపి హడావుడిగా ఇంకో 15 వేయిస్తారు. అప్పుడు మౌండ్ (పిచర్ నిలబడి విసిరే మట్టి దిమ్మ) ఎక్కి అసలు బంతులు 15 వేస్తాడు. పుస్తకంలో 15 పడితే చేతికి పడింది 50. ఆ చివరి పదిహేనూ ఒక్క పరుగూ ఇవ్వకూడదని సర్వశక్తులూ ఒడ్డి వేసినవే, చేంజప్ (కావాలని వేగం తగ్గించిన బంతి) వేసి ఊపిరి పీల్చుకునే వీలుండదు. మర్నాడు పొద్దున "నిన్న 15యే కదా" అని మళ్లీ సిద్ధంగా ఉండమంటారు. నాలుగు రోజులూ ఇదే తంతు. చినిగి అతుక్కున్న లిగమెంట్‌కు (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీకి) బంతుల సంఖ్య కంటే ఈ అదాటు ఎక్కువ చేటు.

అలాగని కుర్రాడి మాట నెగ్గనిచ్చి తొంభై బంతులు వేయించమనడం లేదు. గాయం నుంచి తిరిగొచ్చిన పిచర్ విషయంలో ముందు తేలాల్సింది ఏ రోజు, ఏ గంటకు వేస్తాడన్నది. తర్వాత ఎన్ని బంతులన్నది. స్టార్టరా (ఆట మొదలుపెట్టేవాడు), రిలీవరా (మధ్యలో అందుకునేవాడు), క్లోజరా అన్న పేరు ఆ రెండూ తేలాక దానంతటదే వస్తుంది. మనవాళ్లు పేరుతో మొదలుపెడతారు, అక్కడే తప్పు జరుగుతుంది.

మా సలహా ఇది: మొదటి ఇన్నింగ్స్ అతనికే ఇవ్వండి, రెండు ఇన్నింగ్స్‌లకే ఇవ్వండి. 35 బంతులు పడ్డాయంటే ఇన్నింగ్స్ మధ్యలో ఉన్నా, బ్యాటర్ అయిపోగానే బయటికి తీసేయండి. ఒకే ఇన్నింగ్స్‌లో 25 దాటినా అంతే. అక్కడి నుంచి చిన్నోడు అందుకుంటాడు. ఆటలో ఎక్కువ భాగం అతనే వేస్తాడు గనుక అతని జాగా అతనికే ఉంటుంది. మొదట వేసేవాడికి గడియారం చేతిలో ఉంటుంది. ఆట పదింటికంటే తొమ్మిదింబావుకు మొదలుపెట్టి నెమ్మదిగా పరుగు, రబ్బరు బ్యాండ్ కసరత్తు, 45 అడుగుల నుంచి 120 అడుగుల దాకా విసుర్లు, ఆఖరున మౌండ్ మీద 25 బంతులు, ఇలా వరసగా వేడెక్కి నేరుగా ఆటలోకి దిగుతాడు. కూర్చోబెట్టి లేపడం ఉండదు.

పెద్ద ఆటలోనూ ఇది నడిచిన దారే. పిచింగ్, బ్యాటింగ్ రెండూ చేసే జపాన్ ఆటగాడు షోహే ఒటానీకి 2023 సెప్టెంబర్‌లో మోచేతికి రెండోసారి ఆపరేషన్ జరిగింది. 2024 అంతా బ్యాటింగే చేశాడు. 2025 జూన్ 16న అమెరికా జట్టు డాడ్జర్స్ తరఫున మళ్లీ మౌండ్ ఎక్కినప్పుడు మొదటి ఇన్నింగ్స్ ఒక్కటే వేశాడు, 28 బంతులు. ఆ తర్వాత కూడా ఒక ఇన్నింగ్స్, ఆపైన రెండు, అలా వారాల తరబడి పెంచుకుంటూ పోయారు. బంతుల లెక్క చూస్తే రిలీవర్ పని, తేదీ ఖాయం కావడం చూస్తే స్టార్టర్ పని.

ఇక అసలు విషయం. మీవాడు ఈ 35 బంతులకైనా సిద్ధమేనా? "నొప్పి లేదు" అన్న మాట చాలదు. ఎక్కడిదాకా వచ్చాడో ఈ మెట్ల మీద చూసుకోండి. చదును నేల మీద 45 అడుగుల దూరంతో మొదలై 60, 90, 120 దాకా వెళ్లాలి. ప్రతి దూరంలో 25 విసుర్లు, పది నిమిషాల విరామం, మళ్లీ 25, మళ్లీ విరామం, మళ్లీ 25. ఇలా 75 విసుర్లు నొప్పి లేకుండా రెండుసార్లు పూర్తయితేనే పై మెట్టు. రోజు విడిచి రోజు మాత్రమే. 120 అడుగుల మెట్టు దాటాకే మౌండ్. అక్కడ సగం బలంతో 15 ఫాస్ట్‌బాళ్లు, తర్వాతి సారి 30, ఆపైన 45. తర్వాత ముప్పావు బలం. ఆ తర్వాతే పూర్తి బలం, దాంతోపాటు చేంజప్. వంపు తిరిగే బంతులు కర్వ్, స్లైడర్ అన్నిటికంటే ఆఖరున. చివరి మెట్టు మన బ్యాటర్లనే నిలబెట్టి వేయడం: 15 బంతులు వేసి, బెంచీ మీద పది నిమిషాలు కూర్చుని, మళ్లీ 15, మళ్లీ కూర్చుని, మళ్లీ 15. ఆ కూర్చోవడాన్ని ఎవరూ ప్రాక్టీసు చేయించరు. ఆటలో చెయ్యి చల్లారి మళ్లీ వేడెక్కేది సరిగ్గా అక్కడే, ఇబ్బంది బయటపడేదీ అక్కడే. ఈ 45 బంతుల పరీక్ష టోర్నీకి వారం ముందే, నాలుగైదు రోజుల తేడాతో రెండుసార్లు నెగ్గితే పైన చెప్పిన 35 ఇవ్వండి. ఇప్పటికి ఇంకా చదును నేల మీదే 90 అడుగుల దగ్గర ఉంటే మాత్రం ఈ టోర్నీ అతనిది కాదు. నెల రోజుల్లో ఆ మెట్లన్నీ ఎక్కించలేరు. బ్యాటింగ్‌కు వాడుకోండి.

"సగం బలం" దగ్గర ఒక చిక్కుంది. సగం బలంతో వేయమంటే పిచర్ సగం వేగంతో వేయడు. తగ్గించానని మనసారా నమ్ముతూనే తన మామూలు వేగంలో ముప్పావుకు పైనే వేస్తాడు. కాబట్టి అతని మాట మీద కాక కొలత మీద పోవాలి. వేగం కొలిచే గన్ లేకపోయినా ఫోన్ ఉంది కదా. స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేములు పెట్టి, బంతి చేతిని వదలడం, బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ గ్లవ్‌లో పడడం రెండూ కనబడేలా ఒక పక్కన స్టాండ్ మీద నిలబెట్టండి. పిచర్ కాలు ఆనించే రబ్బరు పలక నుంచి బ్యాటర్ దగ్గరుండే హోమ్ ప్లేటుకు 60 అడుగుల 6 అంగుళాలు. పిచర్ అడుగు ముందుకేసి వదులుతాడు గనుక బంతి గాలిలో వెళ్లేది దాదాపు 54, 55 అడుగులు. సగటున గంటకు 108 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఆ దూరానికి సుమారు 133 ఫ్రేములు పడతాయి. వేగం 5 శాతం పడిపోతే అవే 140 అవుతాయి. మ్యాచ్ రోజున మొదటి పది ఫాస్ట్‌బాళ్ల సగటు రాసుకోండి. తర్వాత వరసగా మూడు బంతులు ఏడేసి ఫ్రేములు ఎక్కువ తీసుకుంటే 35 కాకపోయినా అతని పని అయిపోయినట్టే. ఫోన్‌ను ప్రతిసారీ అదే చోట పెట్టాలి, లేదంటే పాత లెక్కతో పోల్చలేరు.

ఫోన్ చూసే మనిషి లేకపోతే క్యాచర్‌ను అడగండి. అలసిన చేతికి మోచేయి కిందికి జారుతుంది, బంతులు వరసగా ఎత్తుగా, చెయ్యి ఉన్న వైపుకే పోతాయి. బంతికీ బంతికీ మధ్య వ్యవధి పెరుగుతుంది. ముంజేతిని రుద్దుకోవడం, చెయ్యి విదిలించుకోవడం కనబడుతుంది. ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కుతున్నాయన్నాడంటే ఆ క్షణమే ఆపించి డాక్టరుకు చూపించాలి. మోచేయి లోపలి నుంచి పోయే నరం మీద ఒత్తిడి పడుతోందని దానర్థం.

నొప్పుల విషయంలో కూడా ఒక కట్టుబాటు పెట్టుకోండి. వార్మప్‌లో కాస్త సలిపి మొదటి 15 విసుర్లలోపే పోతే, ఆ రోజు పై మెట్టుకు వెళ్లకుండా పాత మెట్టే మళ్లీ చేయాలి. 15 విసుర్లు దాటినా పోకపోతే అక్కడితో ఆపి, రెండు రోజులు సెలవిచ్చి, ఒక మెట్టు దిగి మొదలుపెట్టాలి. ఆట అయ్యాక గంట దాటినా, మర్నాడైనా నొప్పి ఉంటే ఒక రోజు ఆగి అదే మెట్టు మళ్లీ. ఏమీ లేకపోతేనే ముందుకు. భుజం వెనక కండ బరువుగా ఉండడం మామూలే. మోచేయి లోపలి ఎముక మీద వేలు పెట్టి నొక్కితే చురుక్కుమనడం మామూలు కాదు. పొద్దున లేవగానే చెయ్యి పూర్తిగా చాచగలుగుతున్నాడా, అదే చేతివేళ్లతో అదే భుజాన్ని తాకగలుగుతున్నాడా చూసి నోటుబుక్కులో రాయించండి.

టోర్నీ నాలుగు రోజులకూ లెక్క ఇలా వేయండి. అమెరికా బేస్‌బాల్‌వాళ్ల పిచ్ స్మార్ట్ పట్టిక ప్రకారం 19 నుంచి 22 ఏళ్లవాళ్లకు 31–45 బంతులకు ఒక రోజు, 46–60కి రెండు రోజులు, 61–80కి మూడు, 81–105కి నాలుగు, ఆపైన ఐదు రోజుల విశ్రాంతి. ఇది ఆరోగ్యంగా ఉన్న చేతికి. మీవాడికి దాన్ని రెట్టింపు చేయండి. అంటే మొదటి రోజు 35 వేస్తే రెండో, మూడో రోజులు ఖాళీ, నాలుగో రోజు మళ్లీ 30. ఫైనల్ చేరతామన్న నమ్మకముంటే మొదటి రోజు, నాలుగో రోజు అతనివి. మధ్య రెండు రోజులు బ్యాటింగ్ మాత్రమే, తప్పదంటే ఫస్ట్ బేస్ దగ్గర ఫీల్డింగ్. క్యాచర్‌గా పొరపాటున కూడా పెట్టొద్దు, పిచర్ వేసిన ప్రతి బంతినీ అతను తిరిగి విసరాలి. అవుట్‌ఫీల్డ్ కూడా వద్దు. అరగంట ఊరికే నిలబడి, చల్లారిన చేత్తో ఒక్కసారిగా 200 అడుగులు విసరాల్సి వస్తుంది.

క్లోజర్ పని అతనికి ఎప్పటికీ వద్దని కాదు. ఇవాళ 15, రేపు 15 పూర్తి బలంతో వేసి మూడో రోజు పొద్దున చెయ్యి మామూలుగా ఉందని ప్రాక్టీసులో రెండు మూడుసార్లు తేలాక ఆలోచించవచ్చు. అప్పుడు కూడా ఒక షరతు: లేపారంటే ఆటలోకి దించాలి. వేడి చేయించి కూర్చోబెడితే ఆ రోజు ఆడినట్టే లెక్క, మళ్లీ లేపకూడదు.

ఈ అంకెలన్నీ ఆటకు ముందే ఒక కాగితం మీద రాసి క్యాచర్‌కొకటి, స్కోరరుకొకటి ఇవ్వండి. రెండో ఇన్నింగ్స్‌లో కుర్రాడు మీ దగ్గరికొచ్చి "ఇంకొక్క బ్యాటర్ సారూ" అన్నప్పుడు మీకు ఆ కాగితం అవసరమవుతుంది.

ప్రశ్న: నేను స్టార్టర్‌ను. ఆపరేషనయి పద్నాలుగు నెలలయింది. ఇప్పుడు మా కోచ్ సారు నన్ను మధ్యలో రెండు ఇన్నింగ్స్‌లకే దించుతున్నరు. దోస్తులు "నిన్ను తీసేసినట్టే" అంటున్నరు. ఎదురు మాట్లాడాల్నా, ఊకోవాల్నా?
– ఒక ఆటగాడు, దెగ్లూరు

జవాబు: తమ్ముడూ, మీ ఆపరేషన్ మోచేతి లిగమెంట్‌దే అయితే, 12 నుంచి 18 నెలలు పట్టడం మామూలే. 14 నెలలకు ఆటలో ఉన్నారంటే వెనకబడినట్టు కాదు. ఆ ఆపరేషన్‌కు పేరిచ్చిన అమెరికా పిచర్ టామీ జాన్‌కు 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ చేశారు. 1975 సీజన్ మొత్తం ఆడలేదు. 1976లో తిరిగొచ్చి, ఆ తర్వాతే 164 మ్యాచ్‌లు గెలిచాడు.

మీకు ఇంకా దగ్గరి పోలిక జాన్ స్మోల్ట్జ్. 1996లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అందుకున్న స్టార్టర్. 2000 సీజన్ ఇదే ఆపరేషన్‌కు పోయింది. 2001లో వస్తూనే స్టార్టర్‌గా అయిదు మ్యాచ్‌లు వేశాడు, మోచేయి మళ్లీ మొరాయించింది. అప్పుడు రిలీవర్‌గా మారాడు. 2002లో క్లోజర్‌గా 55 సేవ్‌లు (ఆధిక్యం నిలబెట్టి ఆట ముగించడం) చేశాడు. 2005లో మళ్లీ స్టార్టరయ్యాడు. 213 విజయాలు, 154 సేవ్‌లతో ముగించాడు. 200 విజయాలు, 150 సేవ్‌లు రెండూ ఉన్న పిచర్ మరొకరు లేరు.

కోచ్ సారుతో మాట్లాడండి, పేరు గురించి మాత్రం వద్దు. మూడు విషయాలు అడగండి: ఏ ఇన్నింగ్స్‌లో దించుతారో ముందే చెప్పగలరా? రెండు ఆటల మధ్య ఎన్ని రోజులు? ఎన్ని ఆటలు సాఫీగా జరిగితే ఎన్ని బంతులు పెంచుతారు? ఒక్కో ఆటకు 10 నుంచి 15 బంతులు పెంచడం మంచి నడక. "నాలుగో ఇన్నింగ్స్ నీది" అని ముందే చెప్తే మధ్యలో దిగడంలో తప్పేమీ లేదు. "చూద్దాం, రెడీగా ఉండు" అంటేనే మీరు మర్యాదగా అభ్యంతరం చెప్పాలి.

ప్రశ్న: మా పాప సాఫ్ట్‌బాల్ పిచర్, 16 ఏండ్లు. భుజం ముందర నొప్పితో రెండు నెలలు ఆపినం. సాఫ్ట్‌బాల్‌ల చెయ్యి కిందికెళ్లి తిప్పి వేస్తరు గాబట్టి ఎన్ని వేసినా ఏం గాదని అందరంటరు. మళ్ల ఆడిపియ్యొచ్చునా?
– ఒక తల్లి, కిన్వట్

జవాబు: అమ్మా, "ఏం కాదు" అన్న మాట నిజం కాదు. చేతిని గుండ్రంగా తిప్పి వేసేటప్పుడు భుజం ముందర, కండ ఎముకకు అతుక్కునే నరం లాంటి పట్టీ మీద బలంగా లాగుడు పడుతుంది. ఈ నమ్మకం వల్లే సాఫ్ట్‌బాల్ టీముల్లో ఒక్క అమ్మాయి చేతనే రోజుకు రెండు మ్యాచ్‌లు, మూడు రోజులు వరసగా వేయిస్తారు. పాప నొప్పికి కారణం చెయ్యి తిప్పే తీరు కంటే ఈ ఎడతెరిపి లేని వాడకం అయ్యే అవకాశం ఎక్కువ.

భుజం ఎత్తినా, నీళ్ల బిందె పట్టినా నొప్పి లేదన్నాక 20 అడుగుల నుంచి మెల్లగా వేయించండి. వారంవారం దూరం పెంచుతూ 43 అడుగుల అసలు దూరానికి తీసుకురండి. మొదట మామూలు ఫాస్ట్, ఆ తర్వాత చేంజప్, పైకి లేచే రైజ్‌బాల్ ఆఖరున. ఆటలోకి వచ్చాక మొదటి నెల రోజుకు ఒక్క మ్యాచ్, అందులో మొదటి మూడు ఇన్నింగ్స్‌లు, మర్నాడు ఖాళీ. కాళ్లు, నడుము బలహీనంగా ఉంటే ఆ పని భుజం మీద పడుతుంది. ఒంటికాలి మీద పది గుంజీలు మోకాలు లోపలికి వాలకుండా తీయలేకపోతే ముందు ఆ కసరత్తు. టీములో రెండో పిచర్‌ను తయారు చేయమని వాళ్ల పీటీ సారును గట్టిగా అడగండి. పాప భుజానికి అంతకు మించిన రక్ష లేదు.

ప్రశ్న: గాయం నుంచి వచ్చిన పిచర్‌ను చదును నేల మీద నుంచి మౌండ్ ఎక్కించాలి. మా గ్రౌండ్‌లో మౌండ్ లేదు. ఉన్నదంతా నల్లరేగడి. ప్రాక్టీసుకు ఒకటి కట్టుకోవచ్చా?
– క్రీడామండలి సభ్యులు, బల్లార్‌పూర్

జవాబు: కట్టుకోవచ్చు, నల్లరేగడితో మాత్రం వద్దు. తడిస్తే ఉబ్బుతుంది, జారుతుంది. ఎండితే పగుళ్లిస్తుంది. పిచర్ ముందు కాలు పడేచోట గుంత పడితే కాలు ప్రతిసారీ వేరే లోతుకు దిగుతుంది. ఒళ్లు వెనకబడి చెయ్యి ఒక్కటే బంతిని లాగాల్సి వస్తుంది. మానిన మోచేతికి ఇదే పెద్ద గండం.

ఆట మౌండ్ 18 అడుగుల వలయం. ప్రాక్టీసుకు అంత అక్కర్లేదు, 5 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు దిమ్మ చాలు. పైన ఉండే రబ్బరు పలక 24 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు. పలక పైభాగం హోమ్ ప్లేటు కంటే సరిగ్గా 10 అంగుళాల ఎత్తులో ఉండాలి. పలక ముందు అర అడుగు చదును. అక్కడి నుంచి ఆరు అడుగుల పాటు అడుగుకు ఒక అంగుళం చొప్పున వాలు. మిగిలిన నాలుగు అంగుళాల ఎత్తును తర్వాతి నాలుగు అడుగుల్లో నేలలో కలిపేయండి. పలక వెనక రెండున్నర అడుగులు చదునుగా వదలండి. ఎత్తు చూడ్డానికి తాపీమేస్త్రీ దగ్గరుండే నీళ్ల గొట్టం, వాలుకు రసమట్టం చాలు.

పైన రేగడిని అర అడుగు తవ్వి తీసేసి ఆ గుంతను కూడా మొరంతో నింపాలి, లేకపోతే వానాకాలంలో కిందినుంచి దిమ్మ లేస్తుంది. దిమ్మకూ, గుంతకూ కలిపి ఒక ట్రాక్టర్ ట్రాలీ మొరం పడుతుంది. ఒకేసారి పోయొద్దు. రెండు మూడు అంగుళాల పొర పోసి, నీళ్లు చిలకరించి, దిమ్మిసతో కొట్టి, తర్వాతి పొర. పిచర్ నిలబడే చోట, పలకకు అయిదు అడుగుల ముందు కాలు పడే చోట మాత్రం మొరం నిలవదు. అక్కడ ఇటుక బట్టీ నుంచి కాల్చని పచ్చి ఇటుకలు తెచ్చి, తడిపి, పక్కపక్కన పేర్చి, పైన అంగుళం మట్టి వేసి దిమ్మిస కొట్టండి. ప్రాక్టీసయ్యాక గుంత ఊడ్చి, నీళ్లు చల్లి, తడిమట్టి నింపి కొట్టి, గోనెపట్టా కప్పాలి. ఇది రోజూ చేయాల్సిన పని. కప్పకుండా వదిలిన దిమ్మ మీ చంద్రపూర్ ఎండలకు వారంలో పొడైపోతుంది.

పిచర్‌ను దీని మీదికి ఎక్కించిన మొదటి రోజు 15 బంతులే. వాలు మీద ముందు కాలికి పడే అదురు చదును నేలకు లేదు, దానికి ఒళ్లు అలవాటు పడాలి. వేసవిలో పొద్దున ఎనిమిది లోపు ముగించండి.

ప్రశ్న: మా తమ్ముడు ఫాస్ట్ బౌలర్, కుడిచేతి వాటం, 19 ఏళ్లు. నడుము కింద ఎముకలో చిన్న చీలిక వచ్చిందని విశాఖపట్నంలో స్కాన్ తీసి చెప్పారు. ఐదు నెలలు ఆపేశాడు, మొన్న స్కాన్‌లో మానిందన్నారు. కొత్త బంతి ఇవ్వాలా, ఆఖరి ఓవర్లకు ఉంచాలా అని మా టీములో తగువు.
– ఒక అన్నయ్య, పర్లాకిమిడి

జవాబు: బాబూ, ధర్మాబాద్ సారుకు చెప్పిందే మీకూ. ఆఖరి ఓవర్లకు ఉంచితే మీ తమ్ముడు గంటకు పైగా బౌండరీ దగ్గర నిలబడి, నడుము బిగుసుకుపోయాక యార్కర్లు వేయాల్సి వస్తుంది. కొత్త బంతి ఇవ్వండి, వార్మప్ నుంచి నేరుగా మూడు ఓవర్లు వేయించి ఆపండి. ఆ రోజుకు అంతే.

జస్‌ప్రీత్ బుమ్రా విషయంలో క్రమం గమనించండి. 2023 మార్చిలో న్యూజిలాండ్‌లో నడుముకు ఆపరేషన్. ఆగస్టు 18న డబ్లిన్‌లో ఐర్లాండ్ మీద టీ20తో తిరిగొచ్చాడు, నాలుగు ఓవర్లు. ఆ తర్వాత పది ఓవర్ల వన్డేలు, ప్రపంచకప్. టెస్టు మ్యాచ్ డిసెంబర్ ఆఖర్లో గానీ ఆడలేదు.

వారానికి ఎన్ని బంతులు వేశాడో లెక్క రాయండి. నెట్స్, మ్యాచ్, సంక్రాంతికి ఆడే టెన్నిస్ బాల్ టోర్నీ అన్నీ కలిపే. ఒక వారం 60 వేస్తే తర్వాతి వారం 70 దాటకూడదు. వరసగా రెండు రోజులు వేయకూడదు. కుడిచేతి బౌలర్‌కు ఈ చీలిక ఎక్కువగా ఎడమవైపు వస్తుంది. ఎడమకాలి మీద నిలబడి నడుము వెనక్కి వంచమనండి. ఆ పక్క చురుక్కుమంటే ఆ రోజు బంతి ముట్టుకోవద్దు, వారమైనా తగ్గకపోతే మళ్లీ డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు. స్కూల్ టీములో ఒక రోజు పిచింగ్, మర్నాడు క్యాచింగ్. మోచేయి లోపలివైపు నొప్పి, చెయ్యి పూర్తిగా చాచలేకపోతున్నాడు. నూనె రాసి కట్టు కట్టిస్తే సరిపోతుందా?
– ఒక తండ్రి, రాయగడ

జవాబు: సరిపోదండీ. ఆ వయసులో మోచేయి లోపలి ఎముక ఇంకా ఎదుగుతూ ఉంటుంది. ఎదిగే చోట మెత్తని పలక ఉంటుంది. లిగమెంట్ కంటే ముందు అదే దెబ్బతింటుంది, ఒక్కోసారి ముక్క ఊడి పక్కకు జరుగుతుంది. కట్టు కట్టి లాగితే ఆ ముక్క ఇంకా జరగవచ్చు. మర్దన వద్దు. ఇవాళ్టి నుంచి క్రికెట్ బంతి, రాయి, జామకాయ కూడా విసరనివ్వొద్దు. ఈ వారంలోనే బరంపురమో విశాఖపట్నమో తీసుకెళ్లి ఎముకల డాక్టరుకు చూపించండి. రెండు మోచేతులకూ ఎక్స్‌రే తీయమని అడగండి. ఎదిగే వయసులో మంచి చేతితో పోల్చి చూస్తేనే తేడా తెలుస్తుంది. పలకకు వాపు మాత్రమే అయితే సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు అసలు విసరకుండా ఉండాలి, ఆ తర్వాత 30 అడుగుల నుంచి మొదలు. తిరిగొచ్చాక పిచర్, క్యాచర్ రెండూ ఒకే పిల్లాడి చేత చేయించవద్దని స్కూల్లో చెప్పండి. ఈ సీజన్‌కు సెకండ్ బేస్‌లో ఆడించమనండి, అక్కడి విసురు చిన్నది.